నాగియోస్ కాన్ఫిగ్ ఫైళ్ళను మూకుమ్మడిగా మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే వెంట ఉన్న ఊళ్ళలో సర్వర్లు, రూటర్లు చూసుకునే పని నాది. కోవూరు, కావలి, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు, అక్కడి నుంచి లోపలికి పోతే చీమకుర్తి. ఆస్పత్రులు, కాలేజీలు, రొయ్యల కంపెనీల ఆఫీసులు, గ్రానైట్ వాళ్ళ ఆఫీసులు, అన్నీ కలిపి మా మానిటరింగ్ సర్వర్ మీద నాలుగు వందలకు పైగా పరికరాలున్నాయి. అవి పని చేస్తున్నాయో లేదో చూస్తూ, ఏదైనా పడిపోతే మా ఫోన్‌కి మెసేజ్ పంపే ప్రోగ్రామే నాగియోస్. దేన్ని చూడాలో, ఎవరికి చెప్పాలో రాసి ఉండేవి కాన్ఫిగ్ ఫైళ్ళు. కొత్తగా పనిలో చేరిన పిల్లలు, పక్క ఊళ్ళలో ఇదే పని చేసే మిత్రులు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఫోన్లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే రాసి పెడుతున్నాను.

కమాండ్ల పేర్లు, ఆప్షన్లు ఇక్కడ పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. కీబోర్డు మీద కొట్టేటప్పుడు ఎలాగూ ఇంగ్లీషు అక్షరాలే కొడతారు.

అన్ని ఫైళ్ళూ ఒకేసారి మార్చాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది?

ఒక సర్వర్ ఐపీ అడ్రస్ మారినప్పుడు. అలర్ట్లు అందుకునే మనిషి ఉద్యోగం మానేసినప్పుడు. డిస్క్ 80 శాతం నిండితే హెచ్చరిక ఇస్తున్నదాన్ని 90కి పెంచమని పైవాళ్ళు చెప్పినప్పుడు. చేత్తో ఒక్కో ఫైలూ తెరిచి మార్చుకుంటూ పోతే మొదటి పది ఫైళ్ళు బాగానే వస్తాయి. ముప్ఫయ్యో ఫైలు దగ్గరికొచ్చేసరికి కళ్ళు తేలిపోతాయి, ఒక సున్నా జారిపోతుంది. ఆ జారిన సున్నా ఎక్కడుందో తర్వాత వెతకడం పెద్ద పని.

మీరు చెప్పేది నాగియోస్‌కేనా, మిగతావాటికీ పనికొస్తుందా?

ఎక్కువగా నాగియోస్ గురించే చెబుతాను, మేం వాడేది అదే. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేసిన ప్రోగ్రామే తర్వాత నాగియోస్ అయింది. పాతదే, కానీ కాన్ఫిగ్ అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటుంది కాబట్టి మనకు తెలిసిన లైనక్స్ కమాండ్లన్నీ దాని మీద పని చేస్తాయి. 2009లో దాన్నుంచి విడిపోయిన ఐసింగా మొదటి వెర్షన్‌కి కూడా ఇవే ఫైళ్ళు సరిపోయేవి. ఐసింగా 2కి వచ్చేసరికి రాసే పద్ధతి మారిపోయింది. ప్రొమీథియస్ అనే ఇంకో మానిటరింగ్ ప్రోగ్రామ్ సంగతి వేరు, దాని గురించి కింద విడిగా రాశాను. జాగ్రత్తలు మాత్రం అన్నింటికీ ఒకటే.

ఏ ఫైళ్ళు మార్చాలో ఎలా తెలుస్తుంది?

సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేసి ఉంటే యూజర్ లోకల్ కింద నాగియోస్ ఫోల్డర్‌లోని ఈటీసీలో ఉంటాయి. ఉబుంటూ ప్యాకేజీ అయితే ఈటీసీ కిందే నాగియోస్4 ఫోల్డర్ ఉంటుంది. కానీ ఊహించుకోకండి. ముందు నాగియోస్ డాట్ సీఎఫ్‌జీ తెరిచి సీఎఫ్‌జీ అండర్‌స్కోర్ ఫైల్, సీఎఫ్‌జీ అండర్‌స్కోర్ డిర్ అనే లైన్లు చదవండి. నాగియోస్ నిజంగా చదువుతున్నవి ఆ లైన్లలో ఉన్నవే. ఎవరో రెండేళ్ళ కిందట కాపీ చేసి వదిలేసిన ఫోల్డర్‌ని శ్రద్ధగా సవరిస్తూ గంట గడిపిన కుర్రాణ్ణి నేను చూశాను.

ఇంకో విషయం. సీఎఫ్‌జీ డిర్ అని ఫోల్డర్ పేరు ఇస్తే అందులో, దాని లోపలి ఫోల్డర్లలో డాట్ సీఎఫ్‌జీతో ముగిసే ప్రతి ఫైలునూ నాగియోస్ చదువుతుంది. కాబట్టి బ్యాకప్ కోసం అదే ఫోల్డర్‌లో "కావలి పాతది డాట్ సీఎఫ్‌జీ" అని కాపీ పెట్టారంటే అది కూడా లెక్కలోకి వస్తుంది, డూప్లికేట్ డెఫినిషన్లని గొడవ మొదలవుతుంది. బ్యాకప్ పేరు చివర డాట్ బ్యాక్ ఉంటే ఫరవాలేదు. ఇంకా మంచిది, ఆ ఫోల్డర్ బయటే పెట్టండి.

మొదలుపెట్టే ముందు ఏం చెయ్యాలి?

రెండు పనులు. మొదటిది గిట్, అంటే ఫైళ్ళ పాత రూపాలను దాచి ఉంచే సాధనం. కాన్ఫిగ్ ఫోల్డర్‌లో గిట్ ఇనిట్ కొట్టి, ఉన్నది ఉన్నట్టు కమిట్ చెయ్యండి. వెనక్కి రావడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. రిసోర్స్ డాట్ సీఎఫ్‌జీలో పాస్‌వర్డ్లు ఉంటాయి కాబట్టి దాన్ని గిట్ ఇగ్నోర్‌లో పెట్టండి. ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ స్ట్రింగ్ (పరికరం వివరాలు చదవడానికి వాడే పాస్‌వర్డ్ లాంటి మాట) లాంటివి సర్వీస్ ఫైళ్ళలో నేరుగా రాసి ఉంటే వాటిని కూడా రిసోర్స్ ఫైలుకి తరలించి, యూజర్ మ్యాక్రోలతో పిలవండి.

రెండోది లెక్క. హోస్ట్లు (అంటే పరికరాలు) ఎన్ని, సర్వీసులు (వాటి మీద చేసే చెక్‌లు) ఎన్ని, మీరు మార్చబోయే మాట ఎన్ని లైన్లలో ఉంది, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. ఫైళ్ళలో మాట వెతికే గ్రెప్‌కి మైనస్ ఆర్ ఇచ్చి, వచ్చిన లైన్లను లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్‌కి పంపితే అంకె వస్తుంది. "గ్రెప్‌లో 63 లైన్లు వచ్చాయి, అందులో నేను మార్చాల్సినవి 56" అని మార్పుకి ముందే చెప్పగలగాలి. ఆ మిగతా 7 ఏమిటో చెప్పలేకపోతే మీరింకా మార్పుకి సిద్ధం కాలేదన్నట్టే. ఈ లెక్క విలువ నాకు ఎలా తెలిసిందో తర్వాతి ప్రశ్నలో రాశాను.

ఐపీ అడ్రస్ మార్చడానికి సెడ్ ఒక్క లైను చాలు కదా, ఇందులో ప్రమాదం ఏముంది?

నేనూ అలాగే అనుకున్నాను. సెడ్ అంటే ఫైల్లో ఒక మాట వెతికి దాని బదులు ఇంకోటి పెట్టే కమాండ్, మైనస్ ఐ ఇస్తే ఆ మార్పును నేరుగా ఫైల్లోనే రాసేస్తుంది. మా కావలి బిల్డింగ్‌లో ఒక డీఎన్ఎస్ సర్వర్ 10.20.1.1 అడ్రస్ మీద ఉండేది. దాన్ని ఒంగోలుకి మార్చి 10.20.5.1 ఇచ్చాం. ప్రతి ఊరి ఫైల్లోనూ డీఎన్ఎస్ చెక్ ఉంటుంది కాబట్టి పాత అడ్రస్ అన్ని ఫైళ్ళలోనూ ఉంది. సెడ్‌కి మైనస్ ఐ ఇచ్చి, 10.20.1.1 ఉన్నచోటల్లా 10.20.5.1 పెట్టమని ఒక లైను కొట్టాను. నాగియోస్ మైనస్ వి, అంటే కాన్ఫిగ్ వెరిఫై, పెట్టి చూస్తే తప్పుల్లేవంది. రీలోడ్ చేశాను.

వెంటనే నాలుగు పరికరాలు తెర మీద ఎర్రగా, అంటే పడిపోయినట్టు, మారాయి. చూస్తే వాటి అడ్రస్ 10.20.5.1.5, 10.20.5.1.6 అని ఐదు ముక్కలుగా ఉంది. అసలు అడ్రస్లు 10.20.111.5, 10.20.111.6. సెడ్ వెతకడానికి వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పద్ధతిలో చుక్క అంటే చుక్క కాదు, ఏ ఒక్క అక్షరమైనా అని అర్థం. నేనిచ్చిన 10.20.1.1లో చివరి చుక్క స్థానంలో ఒకటి అంకె కూర్చుని 10.20.111 కూడా సరిపోయింది. ఆ నాలుగూ చేత్తో సరిచేశాను. తెర మొత్తం పచ్చగా అయింది. ఇంటికెళ్ళిపోయాను.

ఆరు రోజుల తర్వాత తెల్లవారుజామున కావలి నుంచి ఫోన్. సర్వర్ ర్యాక్‌కి కరెంటిచ్చే యూపీఎస్ రాత్రే ఆగిపోయిందట, సర్వర్ పడిపోయి నాలుగు గంటలైందట. లాప్‌టాప్ తెరిస్తే కావలి సర్వర్ పచ్చగా, యూపీఎస్ పచ్చగా. రూటర్ వేరే లైను మీద ఉంది కాబట్టి అది నిజంగానే పని చేస్తోంది. ఎంత చూసినా నాకు అర్థం కాలేదు. చివరికి యూపీఎస్ డెఫినిషన్ తెరిచాను. అడ్రస్ 10.20.5.14 అని ఉంది. అది ఒంగోలులో ఒక స్విచ్.

10.20.1.14లో మొదటి భాగం 10.20.1.1. దాన్ని సెడ్ 10.20.5.1గా మార్చింది, వెనక ఉన్న 4 అలాగే ఉండిపోయింది. కావలిలో 10 నుంచి 19 మధ్య ఉన్న ఏడు పరికరాల పరిస్థితీ ఇదే. మేం వారం పాటు కావలి పేరు పెట్టి ఒంగోలు పరికరాలకి పింగ్ కొడుతున్నాం, అవి చక్కగా బదులిస్తున్నాయి. తప్పుడు అడ్రస్‌తో ఎర్రగా మారిన నాలుగూ ఆ రోజే కనిపించాయి. తప్పుడు అడ్రస్‌తో పచ్చగా ఉన్న ఏడింటినీ ఎవరూ చూడలేదు. ఆ కస్టమర్‌కి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. ఆ ఉదయం ఇప్పటికీ నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

మరి సరిగ్గా ఎలా రాయాలి?

ప్రతి చుక్క ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టండి, అప్పుడే చుక్క చుక్కలా ఉంటుంది: 10\.20\.1\.1 అని. దానికి ముందూ వెనకా మాట సరిహద్దు గుర్తు, అంటే బ్యాక్‌స్లాష్ చిన్న బి, పెట్టండి. అప్పుడు 10.20.1.14 జోలికి పోదు.

మైనస్ ఐ వెంటనే ఇవ్వొద్దు. ముందు మైనస్ ఎన్ ఇచ్చి, మార్పు జరిగే లైన్లు మాత్రమే తెర మీద చూపించమనండి. అవన్నీ కళ్ళతో చదవండి. అరవై లైన్లు చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. తర్వాతే మైనస్ ఐ. ఆ వెంటనే గిట్ డిఫ్‌కి మైనస్ మైనస్ స్టాట్ ఇచ్చి ఎన్ని లైన్లు మారాయో చూడండి. కాగితం మీద 56 అని రాసుకుని ఇక్కడ 63 కనిపిస్తే గిట్‌తో వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి. ఎక్కువ మారినవాటిని చేత్తో దిద్దే ప్రయత్నం చెయ్యకండి. నేను ఆ రోజు చేసిన తప్పు అదే.

ఐపీ అడ్రస్లు మార్చినప్పుడు ఇంకో పరీక్ష తప్పనిసరి. అన్ని ఫైళ్ళలోనూ అడ్రస్ లైన్లు తీసి, సార్ట్ చేసి, యూనిక్ మైనస్ డి ఇవ్వండి. రెండుసార్లు వచ్చిన అడ్రస్లు మాత్రమే కనిపిస్తాయి. మార్పుకి ముందు మాకు ఒక్కటీ లేదు. ఆ సెడ్ తర్వాత ఏడు ఉన్నాయి. చూసి ఉంటే పది సెకన్లలో బయటపడేది.

వెరిఫై చేస్తే తప్పులు సున్నా అంటోంది. ఇంకా అనుమానం ఎందుకు?

నాగియోస్ మైనస్ వి చేసే పని మంచిదే. లేని హోస్ట్‌కి సర్వీస్ రాసినా, లేని కాంటాక్ట్ గ్రూప్ (మెసేజ్లు అందుకునేవాళ్ళ జాబితా) పేరు పెట్టినా, పేరెంట్స్ (ఒక పరికరాన్ని చేరడానికి దాటాల్సిన ముందటి పరికరం) గుండ్రంగా తిరిగి తన దగ్గరికే వచ్చినా పట్టుకుంటుంది. కానీ అది చూసేది ఫైళ్ళ మధ్య పొత్తు కుదిరిందా లేదా అని మాత్రమే. అడ్రస్ ఆ పరికరానిదేనా, 90 అని రాయాల్సిన చోట 900 రాశారా, ఫోన్ నంబరు మీదా ఇంకొకరిదా, ఇవి దానికి తెలిసే అవకాశమే లేదు. 10.20.5.1.5 లాంటి అడ్రస్‌ని కూడా అది మారుమాట్లాడకుండా ఒప్పుకుంది.

వెరిఫై ఇచ్చే చివరి లైన్లు మాత్రం వదలకుండా చదవండి. ఎన్ని సర్వీసులు చూశానో, ఎన్ని హోస్ట్లు చూశానో అంకెలు చెబుతుంది. అవి మీ కాగితం మీది అంకెలతో కలవాలి. ఫైల్ పేరు పొరపాటున మారి డాట్ సీఎఫ్‌జీ పోయిందంటే అందులోని హోస్ట్లన్నీ మాయమవుతాయి. వేరే ఫైళ్ళు వాటిని పేరు పెట్టి పిలవకపోతే తప్పుల్లేవనే వస్తుంది.

కమాండ్ లైన్ అలవాటు లేదు. విండోస్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌తో చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. ఫోల్డర్ మొత్తంలో వెతికి మార్చే సదుపాయం అందులో ఉంది. కానీ తెరవని ఫైళ్ళలో మార్చినదాన్ని అన్‌డూ చెయ్యలేరు, అందుకే ముందు కాపీ తీసి పెట్టుకోండి. సేవ్ చేసేటప్పుడు లైన్ ముగింపు యూనిక్స్ పద్ధతిలో, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 బీఓఎమ్ లేకుండా ఉండేట్టు చూడండి.

విండోస్ లైన్ ముగింపులో కనిపించని ఒక అక్షరం అదనంగా ఉంటుంది. కాన్ఫిగ్ ఫైల్లో అయితే నాగియోస్ దాన్ని పట్టించుకోదు. కానీ సెడ్‌లో లైన్ చివర అని డాలర్ గుర్తు పెట్టి వెతికితే ఆ ఫైళ్ళలో మాత్రం దొరకదు. పది ఫైళ్ళు మారి రెండు మారకపోతే చాలాసార్లు కారణం ఇదే. చెక్ చేసే ప్లగిన్ స్క్రిప్ట్‌ని విండోస్‌లో సేవ్ చేశారంటే అది అసలు నడవదు. డాస్2యూనిక్స్ అనే చిన్న కమాండ్ రెండింటినీ సరిచేస్తుంది.

పరికరాల లిస్ట్ ఎక్సెల్‌లో ఉంది. దాన్నుంచే ఫైళ్ళు తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కొత్త బ్రాంచ్ మొదలైనప్పుడు మేమూ అలాగే చేస్తాం. సీఎస్‌వీగా సేవ్ చేసి, చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో లైనుకొక హోస్ట్ డెఫినిషన్ రాయిస్తాం. ఎక్సెల్ చేసే సాయం మాత్రం మనకు చేటు. స్విచ్ పోర్టు 1/2 అని కొడితే దాన్ని తేదీగా మార్చేస్తుంది. ముందు సున్నా ఉన్న అంకెల్లో సున్నా తీసేస్తుంది. ఆ కాలమ్‌లను మొదటే టెక్స్ట్‌గా పెట్టుకోండి.

హోస్ట్ పేర్ల విషయంలో చాలామంది ఇరుక్కుంటారు. "కావలి (ట్రంక్ రోడ్), యూపీఎస్" అని లిస్ట్‌లో రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. కానీ బ్రాకెట్లు, కామా, కొటేషన్, డాలర్, స్టార్, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం లాంటివి నాగియోస్ ఆబ్జెక్ట్ పేర్లలో మామూలుగా నిషిద్ధం. ఊరు, హైఫన్, పరికరం, హైఫన్, అంకె, ఇంతవరకే ఉంచండి. వివరం అంతా ఆలియాస్‌లో, అంటే మనుషులు చదివే మారుపేరులో, రాయండి. ఆలియాస్‌లో కూడా సెమికోలన్ వద్దు, ఆబ్జెక్ట్ ఫైళ్ళలో దాని తర్వాతిదంతా కామెంట్ కిందికి పోతుంది.

ప్రతిసారీ వందల లైన్లు మార్చే బాధ తప్పే దారి లేదా?

ఉంది, టెంప్లేట్లు. వందల లైన్లు మార్చాల్సి వస్తోందంటే చాలావరకు అది కాపీ పేస్ట్‌తో పెరిగిన కాన్ఫిగ్. ఒక విలువ నలభై చోట్ల రాసి ఉంటే నలభై చోట్లా మార్చాలి. ఒకే చోట రాసి మిగతావాళ్ళు దాన్ని వాడుకుంటే ఒక్క లైను మారిస్తే సరి.

ఒక హోస్ట్ డెఫినిషన్ రాసి దానికి హోస్ట్ నేమ్ బదులు నేమ్ అని పేరు పెట్టి, రిజిస్టర్ 0 అని రాస్తే అది టెంప్లేట్ అవుతుంది, అంటే దాన్ని నిజమైన పరికరంగా లెక్కపెట్టదు. మిగతా హోస్ట్లు యూజ్ అనే లైనుతో దాన్ని తీసుకుంటాయి. మాకు స్విచ్‌కి ఒకటి, యూపీఎస్‌కి ఒకటి, లైనక్స్ సర్వర్‌కి ఒకటి ఉన్నాయి. సర్వీసులను కూడా ఒక్కో హోస్ట్‌కి రాయం. "అన్ని యూపీఎస్‌లు" అనే హోస్ట్‌గ్రూప్ పెట్టి దానికి ఒకే సర్వీస్ రాస్తాం. కొత్త యూపీఎస్ వస్తే గ్రూపులో చేర్చడమే పని.

ఇందులో రెండు చిక్కులున్నాయి. హోస్ట్‌లో సొంతంగా రాసిన విలువ టెంప్లేట్ విలువను కొట్టేస్తుంది. టెంప్లేట్‌లో ఐదు నిమిషాలను మూడుకి మార్చాం, సగం హోస్ట్లు ఇంకా ఐదులోనే ఉన్నాయంటే, ఆ సగంలో ఎవరో ఎప్పుడో సొంత లైను రాసి పెట్టారన్నమాట. టెంప్లేట్లకి మారేటప్పుడు ఆ పాత లైన్లు తీసెయ్యడమే అసలు పని.

రెండో చిక్కు ఇంకా ప్రమాదం. టెంప్లేట్‌లో కాంటాక్ట్ గ్రూప్స్ "అడ్మిన్లు" అని ఉంది అనుకోండి. ఒక ఆస్పత్రి సర్వర్‌కి వాళ్ళ ఐటీ మనిషిని కూడా చేరుద్దామని ఆ హోస్ట్‌లో కాంటాక్ట్ గ్రూప్స్ అని వాళ్ళ గ్రూప్ పేరు రాశారు. చేరలేదు, మారింది. ఇక మీకు మెసేజ్ రాదు. పేరు ముందు ప్లస్ గుర్తు పెడితేనే టెంప్లేట్‌లోని గ్రూపులతో పాటు ఇది కలుస్తుంది. ఆ ఒక్క ప్లస్ లేకపోతే మీ ఫోన్ మోగదు, మోగలేదని కూడా మీకు తెలియదు.

చెక్ కమాండ్లలో త్రెషోల్డ్లు (హెచ్చరిక ఇచ్చే హద్దులు) మార్చబోతే బ్యాష్, అంటే కమాండ్లు కొట్టే షెల్, ఏదేదో ఎర్రర్ ఇస్తోంది. ఎందుకు?

పింగ్ చెక్‌లో 100.0,20%!500.0,60% లాంటి విలువలు ఆశ్చర్యార్థకంతో విడగొట్టి ఉంటాయి. డబుల్ కొటేషన్‌లో ఆ గుర్తు కనిపిస్తే బ్యాష్ దాన్ని పాత కమాండ్ తిరిగి పిలవడంగా తీసుకుంటుంది. సింగిల్ కొటేషన్ వాడండి. ఫైల్ దారులు మార్చేటప్పుడు స్లాష్‌లతో చికాకుగా ఉంటే సెడ్‌లో స్లాష్ బదులు నిలువు గీత వాడుకోవచ్చు.

ఫైల్లో మార్చాను, రీలోడ్ చేశాను. వెబ్ పేజీలో మాత్రం పాతదే ఉంది. ఏమై ఉంటుంది?

మూడు చోట్ల చూడండి. ఒకటి, పైన చెప్పిన సొంత విలువ. రెండు, ఎవరైనా గతంలో వెబ్ పేజీ నుంచి నోటిఫికేషన్లు ఆపేసి ఉంటే ఆ సంగతి నాగియోస్ తన గుర్తు కోసం రాసుకునే రిటెన్షన్ ఫైల్లో నిలిచి ఉంటుంది. ఫైల్లో మీరు 1 అని రాసినా పాత నిర్ణయమే గెలుస్తుంది. వెబ్ పేజీలోనే మళ్ళీ ఆన్ చెయ్యాలి. మూడు, నాగియోస్ రెండు కాపీలు నడుస్తుండటం. ఒకసారి కొత్తది, ఇంకోసారి పాతది కనిపిస్తుంటే ఇదే. ప్రాసెస్ లిస్ట్ చూసి, అన్నీ ఆపి, ఒక్కటి మొదలుపెట్టండి.

హోస్ట్ పేర్లు అన్నీ కొత్త పద్ధతిలోకి మార్చమంటున్నారు. సెడ్‌తో మార్చెయ్యనా?

నా సలహా అడిగితే, గట్టి కారణం లేకపోతే మార్చొద్దు. నాగియోస్‌కి పేరే గుర్తింపు. పేరు మారిందంటే దాని దృష్టిలో పాత పరికరం పోయింది, కొత్తది పుట్టింది. పాత రిపోర్టులు, కామెంట్లు, పెట్టిన డౌన్‌టైమ్‌లు కొత్త పేరుకి రావు. గ్రాఫ్ ఫైళ్ళు కూడా పేరు మీదే ఉంటాయి, వాటినీ మార్చాలి. పేరెంట్స్, గ్రూప్ సభ్యులు, డిపెండెన్సీలు, ఇలా పేరున్న ప్రతి చోటా మారాలి. మనుషులకి కొత్త పేరు కనబడాలంటే ఆలియాస్, డిస్‌ప్లే నేమ్ మారిస్తే చాలు.

తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో కాన్ఫిగ్ మార్చొచ్చా?

మేం మార్చం. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫాన్లూ అప్పుడే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ వానలో మునిగి తేలాయి. అలాంటి రోజున ఒక పరికరం ఎర్రగా మారితే అది తుఫాను వల్లా, నిన్న మీరు కొట్టిన సెడ్ వల్లా అని తేల్చుకునే తీరిక ఎవరికీ ఉండదు.

సీజన్‌కి ముందే, సెప్టెంబర్‌లో, మేం మూకుమ్మడిగా చేసే మార్పు ఒకటుంది: పేరెంట్స్ సరిచూడటం. సింగరాయకొండ స్విచ్‌లన్నింటికీ పేరెంట్ సింగరాయకొండ రూటర్ అని రాసి ఉంటే, ఆ రూటర్ పడిపోయినప్పుడు వెనక ఉన్నవాటిని నాగియోస్ డౌన్ అనదు, అన్‌రీచబుల్ అంటుంది. ఆ రకం మెసేజ్లు వద్దని పెట్టుకుంటే రూటర్‌కి ఒక్క మెసేజ్ వస్తుంది. పేరెంట్స్ లేకపోతే అర్ధరాత్రి వరదలా మెసేజ్లు, అందులో అసలైనది ఏదో ఏరుకోవాలి. ఏడాది పొడవునా పరికరాలు చేరుతూ ఉంటాయి కాబట్టి పేరెంట్స్ లైను లేని హోస్ట్లు ఏవో వెతికి రాస్తాం.

ప్రొమీథియస్ వాడేవాళ్ళకి ఏం చెబుతారు?

2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైన ప్రొమీథియస్‌కి కాన్ఫిగ్ యామల్ అనే రాత పద్ధతిలో ఉంటుంది. యామల్‌లో ముందున్న ఖాళీలకే అర్థం ఉంది, ట్యాబ్ వాడితే ఒప్పుకోదు. సెడ్ కంటే యామల్‌ని అర్థం చేసుకునే వైక్యూ లాంటి సాధనం మేలు. మార్చాక ప్రామ్‌టూల్ చెక్ కాన్ఫిగ్ నడపండి. టార్గెట్ల (అది చూసే పరికరాల) లిస్ట్‌ని విడి ఫైళ్ళలో పెట్టి ఫైల్ సర్వీస్ డిస్కవరీ వాడితే ఆ ఫైళ్ళు మారినప్పుడు రీలోడ్ కూడా అక్కర్లేదు.

దీంతో ఒక పెద్ద జాగ్రత్త. మామూలుగా అందరూ అప్ (టార్గెట్ అందుబాటులో ఉందా లేదా చెప్పే) విలువ 0 అయితే అలర్ట్ అని రాస్తారు. టార్గెట్ పడిపోతే 0 అవుతుంది, సరే. కానీ ఎడిట్‌లో ఆ టార్గెట్ లిస్ట్ నుంచే పోయిందనుకోండి, 0 అనే విలువే ఉండదు, అలర్ట్ రాదు. అందుకని ముఖ్యమైన జాబ్లకి ఆబ్సెంట్ ఫంక్షన్‌తో, లేదా ఇన్ని టార్గెట్లు ఉండాలని లెక్కపెట్టే రూల్‌తో ఇంకో అలర్ట్ రాయండి.

యాన్సిబుల్ నేర్చుకోవాలా?

చాలా సర్వర్ల మీద ఒకేసారి మార్పులు చేసే సాధనం అది. సర్వర్లు రెండు మూడుకి మించితే నేర్చుకోండి. మైనస్ మైనస్ చెక్, మైనస్ మైనస్ డిఫ్ ఇస్తే ఏం మారబోతోందో ముందే చూపిస్తుంది. కానీ అది వేగంగా పంచిపెట్టే సాధనం, తప్పును కూడా అంతే వేగంగా పంచుతుంది. లెక్క, డిఫ్ చదవడం అలవాటయ్యాకే దాని దగ్గరికి వెళ్ళండి.

అంతా చేశాను. పని అయిందని ఎప్పుడు అనుకోవచ్చు?

మన వైపు రొయ్యల రైతులు గుంట మొత్తం మేత చల్లాక ఊరికే వెళ్ళిపోరు. చెక్ ట్రే పైకి లాగి మేత తిన్నాయో లేదో చూస్తారు. మేమూ అలాంటిదే ఒకటి పెట్టుకున్నాం. ప్రతి ఊళ్ళో కస్టమర్లెవరూ వాడని ఒక పాత చిన్న స్విచ్ పెట్టి మానిటరింగ్‌లో చేర్చాం. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ రెండు ఊళ్ళకి ఫోన్ చేస్తాను.

"తమ్ముడూ, ఆ తెల్ల స్విచ్ కేబుల్ ఓసారి తీసెయ్."

"తీసేశానన్నా."

ఇక ఎదురుచూడటమే. ఇక్కడ చాలామంది తొందరపడతారు. నాగియోస్‌తో వచ్చే మామూలు లైనక్స్ సర్వర్ టెంప్లేట్‌లో ఐదు నిమిషాలకొకసారి చెక్, పడిపోయిందనిపిస్తే నిమిషానికొకసారి మళ్ళీ చెక్, మొత్తం పది ప్రయత్నాలు. అంటే మెసేజ్ రావడానికి 14 నిమిషాల దాకా పట్టొచ్చు. మూడు నిమిషాలకే రాలేదని టెన్షన్ పడి ఏదీ మార్చకండి. మేం ఆ చిన్న స్విచ్‌లకి మాత్రం ఒక నిమిషం చెక్, మూడు ప్రయత్నాలు పెట్టుకున్నాం, అందుకని ఫోన్ పట్టుకునే కూర్చోవచ్చు.

మెసేజ్ నా ఫోన్‌కి రావాలి, రాత్రి డ్యూటీ మనిషి ఫోన్‌కి కూడా రావాలి. అందులో ఊరి పేరు, అడ్రస్ చదివి కేబుల్ తీసిన అబ్బాయితో సరిచూసుకుంటాను. కావలిలో తీస్తే కావలి అనే రావాలి కదా. తర్వాత కేబుల్ పెట్టించి, రికవరీ మెసేజ్ కూడా వచ్చాకే ఫోన్ పెట్టేస్తాను.